శనివారం పంది మీద, సోమవారం మనిషి మీద

1985లోనే జర్మనీలో సర్జన్ ఎరిక్ ముహె పెద్ద కోత లేకుండా గాల్‌బ్లాడర్‌ను (పిత్తాశయాన్ని) తీసే ఆపరేషన్ చేసి చూపిస్తే అక్కడి పెద్ద సర్జన్లు పెదవి విరిచారు. మూడేళ్లు తిరిగేసరికి అమెరికాలో కథ తిరగబడింది. 1988లో నాష్‌విల్‌లో సర్జన్లు రెడ్డిక్, ఓల్సెన్ గాల్‌బ్లాడర్‌ను చిన్న రంధ్రాల్లోంచి తీయడం మొదలుపెట్టాక, నేర్చుకుంటామంటూ సర్జన్లు ఎగబడ్డారు. వారాంతపు కోర్సులు పుట్టుకొచ్చాయి. కాసేపు లెక్చర్లు, కాసేపు వీడియోలు, మత్తిచ్చిన పంది మీద సాధన, చేతికో సర్టిఫికెట్. ఊరికి తిరిగొచ్చాక టేబుల్ మీద మనిషి.

అందరినీ తప్పుపట్టలేం. పెద్ద కోత లేకుండా చేసే డాక్టరు పక్కవీధిలో ఉంటే, కోసే డాక్టరు గడప ఎవరు తొక్కుతారు?

కానీ ఇది పాత పనికి కొత్త పరికరాలు తగిలించడం కాదు. కడుపు తెరిచినప్పుడు అనుమానం వస్తే వేలితో తడిమి చూసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు, కెమెరా చూపే తెర మీద లోతూ సరిగా తెలియదు. పరికరం పొట్ట గోడ దగ్గర ఆనుకుని తెడ్డులా తిరుగుతుంది; చెయ్యి ఎడమకు జరిపితే లోపలి మొన కుడికి పోతుంది. గాల్‌బ్లాడర్‌ను లాగి పట్టుకున్నప్పుడు అసలు పిత్తనాళమే కత్తిరించాల్సిన సన్న గొట్టంలా భ్రమ పెడుతుంది. పొరపాటున దాన్ని కత్తిరిస్తే కాలేయం నుంచి పేగుకు పైత్యం పోయే దారి తెగినట్టే. ఇంటికి మర్నాడే వెళ్లాల్సిన రోగికి మళ్లీ పెద్ద ఆపరేషన్.

అమెరికా దక్షిణాది సర్జన్లు 1,518 ఆపరేషన్ల లెక్క తీసి 1991లో ప్రచురించారు. ఒక్కో బృందం చేసిన మొదటి 13 కేసుల్లో పిత్తనాళం దెబ్బతిన్నది 2.2 శాతం. ఆ తర్వాతి కేసుల్లో 0.1 శాతం. అంటే అసలు చదువు కోర్సు అయిపోయాకే మొదలైంది, రోగి ఖర్చుతో. 1992లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ, అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో 15 ఆపరేషన్లు చేశాకే సొంతంగా చేయనివ్వాలంది.

మరుసటి ఏడాది, ఇలాంటి కోర్సే చేసిన యూరాలజిస్టుల మీద వచ్చిన పరిశీలన ఇంకా ఆసక్తికరం. కోర్సుకు ఒంటరిగా వెళ్లినవాళ్లకు, ఒంటరిగా ప్రాక్టీసు చేసేవాళ్లకు, ప్రతిసారీ కొత్త అసిస్టెంటుతో నెట్టుకొచ్చేవాళ్లకు చిక్కులు ఎక్కువొచ్చాయి. కోర్సు ఎన్ని రోజులన్నదాని కంటే పక్కన ఎవరున్నారన్నదే ముఖ్యమని ఈ కాలమ్ అభిప్రాయం.

మన దేశంలో 1990లో ముంబై జేజే ఆస్పత్రిలో ఈ ఆపరేషన్‌కు శ్రీకారం చుట్టిన తెహెమ్టన్ ఉద్వాడియా, రోగ నిర్ధారణ కోసం 1972 నుంచే లోపలికి చూపించే పరికరమైన ల్యాప్రోస్కోప్‌తో కడుపులోకి చూస్తుండేవారు. అంటే ఆ చూపు అలవాటయ్యాకే ఆపరేషన్ మొదలుపెట్టారు.

కాబట్టి గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అని తేల్చాక మీ సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి: ‘ఇలాంటివి ఎన్ని చేశారండీ? లోపల తేడాగా కనిపిస్తే తెరిచి చేస్తారా?’