పింగ్ పలికింది, డిస్కు పలకలేదు

వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే ప్రాక్స్‌మాక్స్ వేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి, డేటా దాచుకునే నాస్ పెట్టె ఒకటి, మధ్యలో చిన్న స్విచ్. చాలా ఇళ్లలో హోమ్‌ల్యాబ్ అంటే ఇంతే. అంతా సజావుగా నడుస్తుండగా ఒక రాత్రి స్టోరేజ్ పేరు పక్కన బూడిదరంగు ప్రశ్నార్థకం ప్రత్యక్షమవుతుంది. టెర్మినల్‌లో డిస్కుల ఖాళీ చూపే డీఎఫ్ కమాండ్ కొడితే ఎర్రర్ కూడా రాదు. కర్సర్ మిణుకుమంటూ కూర్చుంటుంది.

కారణం నాస్‌ను కలిపే పద్ధతిలో ఉంది. నాస్ ఫైళ్లను నెట్‌వర్క్ మీద అందించే, 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్ఎఫ్ఎస్‌ను సాధారణంగా హార్డ్ మౌంట్‌గానే వాడతారు. సర్వర్ పోతే, తిరిగొచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. సాఫ్ట్ మౌంట్ కొంతసేపు చూసి చేతులెత్తేస్తుంది. అదే నయమనిపిస్తుంది గానీ, రాస్తుండగా మధ్యలో తెగితే వీఎం డిస్కు పాడయ్యే ప్రమాదముంది. విసుగు పుట్టించే ఆ ఎదురుచూపే డేటాను కాపాడుతోందన్నమాట.

చెయ్యేమో రీబూట్ మీదికి పోతుంది. కానీ అనుభవమున్నవాళ్లు ముందు కెర్నల్ లాగ్ చదువుతారు. ఆ తర్వాత కింది నుంచి పైకి ఎక్కుతారు: కేబులు, ఐపీ, పోర్టు, ఎక్స్‌పోర్టు, అనుమతులు. ఒక మెట్టు రుజువయ్యాకే పై మెట్టు.

ఈ పద్ధతిలో మొదటి పనిముట్టు పింగ్. అమెరికా సైన్యానికి చెందిన పరిశోధనశాలలో మైక్ మూస్ 1983 డిసెంబరులో దాన్ని రాశారు. తిక్కగా ప్రవర్తిస్తున్న నెట్‌వర్క్ ఒకటి ఆయన్ను ఆ పనికి పురిగొల్పింది. పేరు సోనార్ శబ్దం నుంచి తీసుకున్నారు. అయితే మామూలు పింగ్ మోసేది 56 బైట్లే. అది వెళ్లొచ్చినంత మాత్రాన దారి బాగుందనుకోవడానికి లేదు.

వేగం కోసం నాస్‌లోనూ ప్రాక్స్‌మాక్స్ హోస్ట్‌లోనూ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 9000 బైట్లకు పెంచి, మధ్యనున్న స్విచ్‌ను 1500 దగ్గరే మర్చిపోయారనుకుందాం. పింగ్ పలుకుతుంది. నాస్ డిస్కును నెట్‌వర్క్ మీద అందించే ఐస్కజీ వాడుతుంటే దాని లాగిన్ కూడా అవుతుంది. పెద్ద ఫైలు కాపీ మొదలుపెట్టగానే అంతా బిగుసుకుపోతుంది, ఎందుకంటే పెద్ద ఫ్రేములను స్విచ్ చెప్పాపెట్టకుండా పారేస్తుంది. ముక్కలు చేయొద్దన్న షరతుతో 8972 బైట్ల పింగ్ పంపితే గుట్టు బయటపడుతుంది. 9000లో ఐపీ హెడర్‌కు 20, పింగ్ వాడే ఐసీఎంపీ హెడర్‌కు 8 పోగా మిగిలేది అంతే మరి.

పోర్టుల దగ్గరా ఒక మెలిక ఉంది. ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 4కు 2049 ఒక్కటి తెరిస్తే చాలు. వెర్షన్ 3కి దానితో పాటు 111, మౌంట్ సేవ వాడే పోర్టూ కావాలి. ఇక మౌంటై, ఫైళ్లు కనిపిస్తూ, రాయబోతే మాత్రం అనుమతి లేదంటే అనుమానించాల్సింది రూట్ స్క్వాష్‌ను. హోస్ట్ రూట్‌గా వస్తే, నాస్ దాన్ని అనామకుడిగా మార్చేస్తుంది.

కంపెనీల్లో స్టోరేజ్ ఒక టీముది, నెట్‌వర్క్ ఇంకో టీముది. టికెట్ అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఇంట్లో నెపం వేయడానికి రెండో మనిషి ఉండడు. ఈ కసరత్తు విలువంతా అందులోనే ఉంది.

అన్నిటికన్నా చిక్కుముడి కరెంటు పోయి వచ్చినప్పుడు పడుతుంది. పేరును ఐపీగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ ఒక వీఎంలో, ఆ వీఎం డిస్కు నాస్ మీద, నాస్‌ను మౌంట్ చేసేదేమో పేరుతో. పేరు తెలియక స్టోరేజ్ రాదు, స్టోరేజ్ రాక డీఎన్ఎస్ లేవదు. నాస్‌కు పేరు బదులు ఐపీ ఇచ్చి, డీఎన్ఎస్ వీఎంను హోస్ట్ సొంత డిస్కు మీదికి మార్చి, మిగతా వీఎంలు నాస్ లేచాకే మొదలయ్యేలా కాస్త ఆలస్యం పెడితే ఆ ముడి వీడుతుంది.