స్టార్టర్ తిప్పే చేయి

పటాన్‌చెరులో ఓ లేతు షెడ్డు. పొద్దటి నుంచి ఒక ట్యూబులైటు టపటపా కొట్టుకుంటోంది. ఎలక్ట్రీషియనన్న వచ్చాడు గానీ నిచ్చెన వేయలేదు, టెస్టరూ తీయలేదు. కాసేపు దానివంకే చూసి, పక్కనున్న పెద్ద మోటారు ఆపించాడు. ట్యూబు నిలకడగా వెలిగింది.

"లైటు మంచిగనే ఉంది సార్. మోటరే వోల్టేజి గుంజుతున్నది."

ఇంకొకరైతే ఈపాటికి కొత్త ట్యూబు బిగించి బిల్లు రాసేవారు.

రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ మొదలుకొని పాశమైలారం దాకా రాత్రి షిఫ్టులు ఏళ్లతరబడి ఈ నాలుగడుగుల గొట్టాల కిందే నడిచాయి. ఇప్పుడు ఎల్‌ఈడీలు వచ్చేస్తున్నాయి. ఈయన విద్య మాత్రం పాత షెడ్లలో ఇంకా చెల్లుతోంది.

రెండో ట్యూబుకి కొసలు రెండూ ఎర్రగా వెలుగుతున్నాయి, నడుమంతా చీకటి. ఆయన స్టార్టరు పట్టుకుని పావు తిప్పు తిప్పి బయటికి లాగాడు. గొట్టమంతా ఒక్కసారిగా వెలిగింది! స్టార్టరు తీస్తే వెలగడమేమిటని నేను నోరు తెరిచాను. అందులో ఉండేది చిన్న గాజు బుడ్డి, దాన్లో వేడికి వంగే రేకు. రేకు అంటుకుంటే కరెంటు పారి కొసల్లోని తీగలు కాగుతాయి. చల్లారి విడిపోగానే చోక్ ఒక్క క్షణం వందల వోల్టుల దెబ్బ కొడుతుంది, గొట్టంలోని వాయువు వెలుగుతుంది. ఆ రేకు అతుక్కుపోయి విడవకపోతే కొసలు కాగుతూనే ఉంటాయి. విడదీసే పని ఇక్కడ ఆయన చేయి చేసింది.

మూడోదానికి కొసలు మసిబారాయి. తీగల మీది పూత అయిపోయిందన్నమాట, దానికి వైద్యం లేదు. అయినా కొత్తది వెంటనే పెట్టలేదు. చోక్‌ని 100 వాట్ల బల్బుతో సీరీస్‌లో పెట్టి చూశాడు. బల్బు కాస్త మందంగా వెలిగితే చోక్ బాగున్నట్టు. పూర్తిగా వెలిగితే లోపల షార్టు. అలాంటి చోక్ మీద కొత్త ట్యూబు పెడితే దాని కొసలు కూడా మాడిపోతాయి. అసలు వెలగకపోతే తీగ తెగినట్టే. ఈ చోక్ బాగానే ఉంది. గుయ్యిమంటోందని స్క్రూలు మాత్రం బిగించాడు.

నన్ను కట్టిపడేసింది ఇవేవీ కావు. లేతు మీదున్న మూడు ట్యూబుల వైర్లు మూడు రంగులు: రెడ్డు, ఎల్లో, బ్లూ. మూడూ మూడు ఫేజులు. ఎందుకంటే 50 సైకిళ్ల కరెంటు మీద ట్యూబు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. లేతులో పనిముక్కను పట్టి తిప్పే మూడు దవడల చక్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, ఒక్కో మినుకుకి సరిగ్గా మూడో వంతు చుట్టు కదులుతుంది. ఒక దవడ ఉన్నచోటికి ఇంకో దవడ వస్తుంది. అంటే తిరుగుతున్న చక్ ఆగినట్టే కనిపిస్తుంది, లేతు దగ్గర పనిచేసే కుర్రవాడు చేయి చాపుతాడు. వెలుగుని మూడు ఫేజులకి పంచితే ఒకటి మందగించేసరికి ఇంకొకటి ప్రకాశిస్తుంది. ఏళ్ల కిందట వైరింగు చేసినప్పుడే ఆయన ఇది ఆలోచించాడు.

పాత ట్యూబుని పగలనివ్వకుండా పేపర్లో చుట్టాడు, లోపల పాదరసం ఉంటుంది కదా. లేతు ఆన్ చేయించి, కిందికి వంగి, చక్ వంక ఓ చూపు చూశాడు.

"మసకగ కనవడుతున్నదా తమ్మీ? గట్లనే కనవడాలె."