సత్యభామ కంఠం

స్త్రీ కంఠాలలో మిక్కిలి ఉచ్చమైన దానికి ‘సొప్రానో’ అని పేరు. పాశ్చాత్యుల ఒపెరాలో నాయిక పాత్ర తరచు ఆ కంఠానిదే. హిందీ వ్యాసాలను తెలుగు చేసేటప్పుడు ఈ మాటవద్ద నేను ఆగిపోతూ ఉంటాను. ‘తారస్థాయి గాయని’ అంటే స్థాయి తెలుస్తుంది. పాడుతూనే పాత్రను నిలబెట్టవలసిన భారం తెలియదు. ఆ భారమెట్టిదో గ్రహించడానికి నిఘంటువుకన్న మన నాటకరంగమే మేలైన ఆధారం. అక్కడ మొదట స్ఫురించేది సత్యభామ. ఆమె వెంట స్థానం నరసింహారావుగారు.

స్థానంవారు (1902–1971) ముత్తరాజు సుబ్బారావుగారి ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా ప్రఖ్యాతులైనారు. ‘మీరజాలగలడా’ అన్న పాట నాటకకర్తది కాదు, ఈ నటుడు స్వయంగా కూర్చుకొన్నది. భర్త తన మాట దాటడన్న ధీమా ఆ పాటకు ప్రాణం. అయితే సత్య ధనరాశులన్నీ తేలిపోయి రుక్మిణి ఉంచిన తులసీదళమే తూగుతుందని ప్రేక్షకునికి ముందే తెలుసు. కనుక పాటలో గర్వమొక్కటే వినిపిస్తే పాత్ర చులకన అవుతుంది. గర్వం అడుగున ప్రేమ, ప్రేమ అడుగున శంక కూడ వినిపించవలె. స్థానంవారు పల్లవిని మరల మరల ఎత్తుకొని ఒక్కొక్కమారు ఒక్కొక్క భావం అభినయించేవారని ప్రసిద్ధి. మాట మారదు, అర్థం మారుతుంది.

దీనిని స్త్రీకి పురుషుడు చేసిన అనుకరణ అనుకొనడం పొరపాటు. పుదుచ్చేరి ప్రాంతపు బాహూరులో ఉండి వ్రాస్తున్న నాకు తమిళుల తెరుక్కూత్తు కొత్త కాదు. అందులోను, మన కూచిపూడిలోను పురుషుడే నాయికయై పాడడం పరంపరాగతం. మహారాష్ట్రంలో బాలగంధర్వులు (1888–1967) ఇట్లే స్త్రీ పాత్రలలో కీర్తి గడించారు. అయితే వారి కీర్తికి గానమే మూలస్తంభం. రాగమాధుర్యం శ్రోతను కొంతసేపు కథనుండి పైకెత్తుతుంది. స్థానంవారి పల్లవి అతనిని కథలోనికే దింపుతుంది.

1966లో వచ్చిన చలనచిత్రంలో ఈ పాటను పి. సుశీలగారు పాడగా జమునగారు అభినయించారు. గానం మధురం, అభినయం మనోహరం. అయినా కంఠం ఒకరిది, దేహం మరొకరిది. ముందే ముద్రితమైన స్వరాన్ని నటి అనుసరించవలసినదే; అభినయంలో తోచిన కొత్త భావానికి స్వరం అప్పటికప్పుడు లొంగదు. రంగస్థలంమీద ఆ రెండింటికీ ఊపిరి ఒక్కటే. మనం పోగొట్టుకొన్నది ఆ స్వాతంత్ర్యాన్నే.

‘సొప్రానో’కు తెలుగు మాట నాకింకా దొరకలేదు. ఆ మాటను అట్లే ఉంచి, దాని పక్కన సత్యభామను నిలబెడుతున్నాను.