పాత మిద్దెకు కొత్త కప్పు

కర్నూలు, కడప ప్రాంతాల్లో పాత ఇంటిని బాగుచేయించదలచినవారికి నేడు సాధారణంగా దొరికే సలహా ఒక్కటే: "మట్టిమిద్దె తీసివేసి స్లాబు పోయించండి, ఇక జన్మలో చూచుకోనక్కరలేదు." దీనికి పూర్తిగా విరుద్ధమైన పక్షం మరొకటి ఉన్నది. పెద్దలు కట్టిన మిద్దెను ముట్టుకోరాదనీ, దాని చల్లదనం సిమెంటుకు రాదనీ ఆ పక్షంవారు అంటారు. మొదటివారు బలాన్ని చూస్తున్నారు, రెండవవారు చల్లదనాన్ని చూస్తున్నారు. ఆ కప్పు ఏ గోడల మీద కూర్చుంటున్నదో ఇద్దరూ చూడడం లేదు.

ఈ తగవు కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న చాగలమర్రి మండలంలో 2024లో ఒక మట్టిమిద్దె కూలి ఒకే కుటుంబానికి చెందిన నలుగురు మరణించారు. కాబట్టి మిద్దెను మెచ్చుకునేవారు మొదట దాని దోషమెక్కడ ఉన్నదో చెప్పవలసి ఉంటుంది. దానిని తీసివేయమనేవారు, దాని స్థానంలో వచ్చేది ఆ ఇంటికి ఎట్లా పొసగుతుందో చెప్పవలసి ఉంటుంది.

మట్టి చేసే పని

రాయలసీమ మిద్దె నిర్మాణం తెలిసినదే. రాతితోను, మట్టి అడుసుతోను కట్టిన మందమైన గోడలు; వాటిపై దూలాలు; దూలాలకు అడ్డంగా దగ్గరదగ్గరగా దంతెలు; దంతెలపై నాపరాళ్లు గాని, కట్టెలు గాని పరుస్తారు. ఆపైన మట్టిపొర, అన్నింటికంటె పైన చవుడు. వెలుతురుకు, గాలికి గవాచి ఉంటుంది.

పంటకు పనికిరాని చవుడును ఏరి తెచ్చి ఇంటి నెత్తిన ఎందుకు పోస్తారు? చవుటినేలలో సోడియం పాలు ఎక్కువ. సోడియం పట్టిన బంకమట్టి తడవగానే ఉబ్బుతుంది. దాని సూక్ష్మకణాలు ఒకదానినుండి మరొకటి విడిపోయి, మట్టిలోని సందులను పూడ్చివేస్తాయి. నీరు లోనికి ఇంకలేక పైపైనే జారిపోతుంది. పొలంలో మొక్కకు నీరందనీయని గుణమే మిద్దెమీద కురుపును అరికడుతున్నది. సాలుకు సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమలో ఈ ఏర్పాటు తరతరాలు పనిచేసింది.

చల్లదనానికీ కారణం ఉన్నది. మిద్దెకు తగిలిన మధ్యాహ్నపు వేడి లోపలి ముఖానికి చేరడానికి కొంత కాలం పడుతుంది. 30 సెంటీమీటర్ల పొడి మట్టిపొరకు ఈ ఆలస్యం లెక్క ప్రకారం సుమారు పది గంటలు. 12 సెంటీమీటర్ల కాంక్రీటు పలకకు మూడు గంటలకు కొంచెం ఎక్కువ. అంటే స్లాబు కింద సాయంకాలం నాలుగైదు గంటలకే పైకప్పు సెగలు కక్కడం మొదలుపెడుతుంది. మిద్దె కింద ఆ వేడి నడిరేయి దాటినాక, అదీ చాలావరకు తగ్గి వస్తుంది.

ఇతర దేశాలలోనూ ఈ సంగతిని పరీక్షించి చూచారు. 1964లో కైరోలో హసన్ ఫతీ అనే వాస్తుశిల్పి ఆధ్వర్యంలో మందమైన మట్టి ఇటుకల గదిని, పలుచని కాంక్రీటు పలకల గదిని పక్కపక్కన నిలిపి ఉష్ణోగ్రతలు కొలిచారు. మట్టిగదిలో రోజంతటిలో వచ్చిన మార్పు రెండు డిగ్రీల సెంటీగ్రేడుకు మించలేదు. కాంక్రీటు గది 36 డిగ్రీల దాకా వేడెక్కింది. అది బయటి గాలికన్నా తొమ్మిది డిగ్రీలు ఎక్కువ.

మిద్దె ఎందుకు కూలుతుంది?

ఇన్ని సుగుణాలున్న మిద్దె ప్రాణాలు తీయడమెందుకు? ఎండకు చవుడు బీటలు వారుతుంది, జడివానకు పైపొర కొట్టుకొని పోతుంది. అందుచేత వానకాలానికి ముందు కొత్త చవుడు పోయడం ఆచారం. పాతది గీకి తీసి కొత్తది పోస్తే ఇబ్బంది లేదు. తీయకుండా పోస్తూ పోతే మిద్దె ఏటేటా బరువెక్కుతుంది.

మూడు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు గల గదిని తీసుకొందాం. దానిపై 20 సెంటీమీటర్ల మట్టి ఉంటే మూడు ఘనమీటర్లు అవుతుంది. ఘనమీటరుకు 1.7 టన్నుల చొప్పున దాని బరువు 5 టన్నులు. ఏటా రెండు సెంటీమీటర్లు చేరుతూ వస్తే పదేళ్లలో మందం రెట్టింపై బరువు 10 టన్నులవుతుంది. ఎడతెగని వానలో మట్టి బాగా నానితే 12 టన్నులకు చేరుతుంది. దూలం మాత్రం తాతలనాటి దూలమే. పైగా గోడలో దాగి ఉన్న దాని కొనను చెమ్మ, చెదలు తింటూ ఉంటాయి. కంటికి కనిపించే నడిభాగం గట్టిగానే ఉంటుంది, కనిపించని కొన బెండువారి ఉంటుంది. ఈ రెండూ కలిసిన రాత్రి మిద్దె కూలుతుంది.

కనుక దోషం మట్టిది కాదు, లెక్కలేని మట్టిది. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా మట్టికప్పును తోసిపుచ్చలేదు. ఉత్తరాదిన వేడి ప్రాంతాల్లో వాడే 'మడ్ ఫస్కా' అనే గడ్డి కలిపిన మట్టిపొరకు ఐ.ఎస్. 2115 అనే ప్రమాణం ఉన్నది. ప్రమాణమంటే మందానికి, వాలుకు, చేసే తీరుకు ఒక లెక్క. మన మిద్దెకు లోపించినది ఆ లెక్కే.

స్లాబు పక్షం

స్లాబు గుణాలను కాదనరాదు. సామగ్రి ప్రతి ఊరిలోనూ దొరుకుతుంది, పని తెలిసిన మేస్త్రీలున్నారు, నడుమ స్తంభం లేకుండా వెడల్పైన గదిని కప్పవచ్చు. పై లెక్కలోని గదికి 12 సెంటీమీటర్ల స్లాబు బరువు నాలుగున్నర టన్నులే. బరువు విషయంలో అది నానిన మిద్దెకంటె ఎంతో మేలు.

చిక్కు మరొకచోట ఉన్నది. కాంక్రీటు వేడికి వ్యాకోచిస్తుంది. పది మీటర్ల స్లాబు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, రాత్రికి మళ్లీ ముడుచుకొంటుంది. సిమెంటు గోడ, ఇనుప కమ్మీల చట్రం దీనికి తట్టుకొంటాయి. అడుసుతో కట్టిన రాతిగోడకు పక్కకు తోసే బలాన్ని ఓర్చే శక్తి బహు తక్కువ. స్లాబును దానిమీద నేరుగా పోస్తే గోడ తలకట్టు వద్ద అడ్డంగా చీలిక పడుతుంది, మూలలు విచ్చుకొంటాయి. వానకు నీరు ఆ చీలికగుండా దిగి అడుసును కరగదీస్తుంది. గోడ తలపై కట్టుదిట్టమైన పట్టీ, దానిపై స్లాబు జారగల పొర ఏర్పరచకుండా చేసే స్లాబు పని పాత ఇంటికి హాని.

మరి రెండు పొరపాట్లు తరచు జరుగుతున్నవి. స్లాబు వేడిని భరించలేక దానిపై మళ్లీ చవుడు పోయడం మొదటిది. చవుటిలో లవణాలుంటాయి, వాటిలోని క్లోరైడు తేమతో కలిసి కాంక్రీటులోనికి దిగితే ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు, తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పెచ్చులు ఊడిపడతాయి. పాత గోడలకు సిమెంటు పూత పూయడం రెండవది. అడుసుగోడలోని చెమ్మ సున్నపు పూతగుండా బయటికి పోగలదు, సిమెంటు పూత దానిని లోపలనే నిలిపివేస్తుంది.

రేకుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. బరువు తక్కువే గాని, ఎండ వేడి క్షణాల్లో లోపలికి దిగుతుంది. గట్టిగా బిగించకపోతే పెనుగాలికి లేచిపోతాయి. ఆస్‌బెస్టాసు రేకుల ధూళి కాన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది.

కాళ్ల కింద ఉన్న కప్పు

ఈ సీమకు తగిన మూడవ మార్గం ఈ సీమ నేలలోనే ఉన్నది. భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ 1872లో ప్రకటించిన గ్రంథంలో కడప, కర్నూలు శిలాసముదాయాలను వివరించాడు. వీటిలోని సున్నపురాయి పొరలుపొరలుగా ఏర్పడినందున సులభంగా పలకలుగా విడివడుతుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల ప్రాంతాలనుండి వచ్చే కడప బండ, నాపరాయి ఇవే.

రాయి నొక్కుడుకు బాగా ఓరుస్తుంది గాని, వంచితే త్వరగా విరుగుతుంది. పరచిన బండ మీద బరువు అంతటా సమంగా ఉన్నప్పుడు, ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే వంచే ప్రభావం నాలుగు రెట్లవుతుంది. దంతెలను దగ్గరదగ్గరగా వేసిన పాత పనివారు ఈ సూత్రాన్ని అనుభవంతో గ్రహించారు. పుచ్చిన దూలాల స్థానంలో ఇనుప దూలాలు గాని, మంచి టేకు గాని వేసి, బండలు పరచి, వాటిపై ఇటుకముక్కల సున్నపు కాంక్రీటును దిమ్మిసతో కొట్టి, పైన పలుచని పెంకులు పరచవచ్చు. దీనికి దగ్గరిదైన మద్రాసు టెర్రసు పద్ధతికి ఐ.ఎస్. 2119 ప్రమాణం ఉన్నది.

నాలుగు సెంటీమీటర్ల బండ, పది సెంటీమీటర్ల సున్నపు కాంక్రీటు కలిపితే పై గదికి బరువు నాలుగున్నర టన్నులు. అంటే స్లాబుతో సమానం. కాని ఇది ఒకే పలక కాదు, ముక్కల కూర్పు. వ్యాకోచం కీలుకీలుకు పంచుకొనిపోతుంది, గోడను తోయదు. ఒక బండ పగిలితే ఆ ఒక్కదానినే మార్చవచ్చు. గవాచి, దూలాల వరుస, పిట్టగోడ యథాస్థానంలో నిలిచి ఇంటి రూపం చెడదు.

దీనికి లోపాలూ ఉన్నవి. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది. తొందరపడితే పని చెడుతుంది. ఈ పని తెలిసినవారు అరుదు. చల్లదనంలో ఇది స్లాబుకంటె కొద్దిగానే మేలు, పాత మిద్దెకు సరితూగదు. ఏటా తెల్లసున్నం పూస్తే ఎండలో చాలా భాగం వెనక్కు మళ్లుతుంది గనుక ఆ కొరత కొంత తీరుతుంది.

కాబట్టి పాత ఇంటికి కప్పు ఎన్నుకొనేటప్పుడు మొదటి ప్రశ్న "ఏది ఎక్కువకాలం మన్నుతుంది?" అన్నది కాదు. గోడ ఎంత బరువు మోయగలదు, దూలపు కొన ఎట్లా ఉన్నది అన్న రెండింటికీ ముందు సమాధానం రావలె. గోడ మంచిదై, ఇంటి రూపం నిలుపుకోవలెననుకొంటే బండ, సున్నపు కప్పు శ్రేష్ఠం. గోడే పాడైతే దానిని బాగుచేయక ఏ కప్పు వేసినా వృథా. జన్మలో చూచుకోనక్కరలేని కప్పంటూ లేదు.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో తేలికగా నిరూపించవచ్చు. అడుగున రంధ్రమున్న రెండు కుండీలలో ఒకదానిలో చవుడు, మరొకదానిలో ఎర్రమట్టి సమానంగా నింపి, సమానంగా నీరు పోసి, ఏది ముందు కారుతుందో విద్యార్థులచేత చూపించవచ్చు. మిద్దె ఇళ్లలో ఉండే విద్యార్థులు పెద్దల సాయంతో తమ మిద్దె మట్టి మందం కొలిచి, బరువు లెక్కకట్టి తీసుకొని రావచ్చు. కొందరి ఇళ్లలో ఆ లెక్క వానకాలానికి ముందే అవసరం కావచ్చు.