తీరని రుణం: 'జాన్ విక్: చాప్టర్ 2' – విమర్శనాత్మక పరిశీలన

1. పరిచయం

యాక్షన్ సినిమా అనగానే "ఫైట్లు బాగున్నాయి", "బాగోలేవు" అనే మాటలతో సరిపెట్టుకోవడం మనకు అలవాటు. విమర్శ అక్కడ ఆగకూడదు. ఆ పోరాటాల వెనక కథ ఏ నీతిని నిలబెడుతోందో కూడా అడగాలి. ఈ పాఠంలో 2017లో విడుదలైన అమెరికన్ చిత్రం 'జాన్ విక్: చాప్టర్ 2'ను ఆ దృష్టితో పరిశీలిద్దాం. ఇది 2014లో వచ్చిన 'జాన్ విక్'కు కొనసాగింపు. దర్శకుడు చాడ్ స్టాహెల్‌స్కీ, రచయిత డెరెక్ కోల్‌స్టాడ్, కథానాయకుడు కియాను రీవ్స్.

2. ఇతివృత్తం

జాన్ విక్ వృత్తి మానుకున్న కిరాయి హంతకుడు. మొదటి భాగంలో, చనిపోయిన భార్య తనకోసం పంపిన కుక్కపిల్లను దుండగులు చంపడంతో మళ్ళీ తుపాకీ పట్టాడు. రెండో భాగంలో ఆయుధాలను తిరిగి నేలలో పెట్టి, పైన సిమెంటు పోస్తాడు. అంతలో శాంటినో అనే ఇటలీ నేరముఠా వారసుడు తలుపు తడతాడు. అతని చేతిలో 'మార్కర్' ఉంటుంది. అది జాన్ రక్తంతో వేలిముద్ర వేసి ఇచ్చిన లోహపు బిళ్ళ. ఒకప్పుడు పొందిన సాయానికి బదులుగా, అడిగిన పని చేసి తీరాలన్నది దాని షరతు. జాన్ ఒప్పుకోడు. శాంటినో అతని ఇంటిని తగలబెడతాడు. చివరకు జాన్ రోమ్ వెళ్ళి శాంటినో సోదరి జియానాను చంపవలసి వస్తుంది. పని పూర్తయ్యాక, సోదరి హత్యకు ప్రతీకారం అనే నెపంతో శాంటినోయే జాన్ తలకు 70 లక్షల డాలర్ల వెల కడతాడు.

3. విమర్శ

3.1 విరమణకు మూలం అప్పు: ఈ కథలో కీలకమైన అంశం ఒకటుంది. జాన్ ఆ వృత్తి నుంచి బయటపడగలిగింది శాంటినో సాయంతోనే. అంటే అతను అనుభవించిన ప్రశాంత జీవితం అప్పు తెచ్చుకున్నది. మన ప్రేక్షకులకు బాగా తెలిసిన 'ఇంద్ర' (2002)లో కాశీలో టాక్సీ నడిపే నాయకుడి పూర్వజీవితం బయటపడటం విజయోత్సవంలా ఉంటుంది. ఇక్కడ ఆ ఉత్సవం లేదు. పాత జీవితం పిలిచినప్పుడు జాన్ ముఖంలో కనిపించేది వీరావేశం కాదు, బాకీదారుడి అలసట.

3.2 నియమాలున్నాయి, న్యాయం లేదు: హంతకుల లోకానికి బంగారు నాణేలున్నాయి, కాంటినెంటల్ అనే హోటలుంది, రెండు కఠిన నియమాలున్నాయి. హోటల్లో హత్య చేయరాదు. మార్కర్‌ను గౌరవించక తప్పదు. సోదరిని చంపించిన శాంటినో ఈ రెండింటిలో దేన్నీ మీరలేదు. హోటల్లో తలదాచుకున్న అతన్ని కాల్చిన జాన్ మాత్రం వెలివేతకు గురవుతాడు. అతను తన ఇష్టంతో చేసిన పనే అతనికి నిలువనీడ లేకుండా చేసింది. నియమపాలన వేరు, న్యాయం వేరు అన్న సత్యాన్ని చిత్రం ఉపన్యాసం లేకుండా చెప్పింది.

3.3 దృశ్య నిర్మాణం: స్టాహెల్‌స్కీ 'ది మ్యాట్రిక్స్' (1999)లో రీవ్స్‌కు స్టంట్ డబుల్‌గా పనిచేశారు. అందుకే ఆయన పోరాటాలను ముక్కలు ముక్కలుగా కత్తిరించరు. నటుడి శరీరం పూర్తిగా కనిపించేలా, నిడివైన షాట్లలో చూపుతారు. అయితే నాకు అన్నిటికన్నా బలమైనదిగా తోచినది పోరాటమే లేని దృశ్యం. జాన్‌ను చూసిన జియానా పారిపోదు. తన చావును తానే ఎంచుకుని మణికట్టు కోసుకుంటుంది. ప్రాణం పోతున్నంతసేపు జాన్ ఆమె పక్కనే ఉంటాడు. చిత్రం మొత్తంలో ఒక మరణానికి బరువు దక్కింది ఇక్కడే.

3.4 లోపం: ఆ బరువు మిగతా చావులకు లేదు. పదుల సంఖ్యలో కూలిపోయేవారికి పేర్లుండవు, ఇళ్ళుండవు. జనం మధ్య ఇద్దరు హంతకులు సైలెన్సర్ తుపాకులతో కాల్చుకుంటూ నడుస్తున్నా, పక్కన పోయేవారు గమనించరు. ఆ దృశ్యం నవ్విస్తుంది. కానీ ఈ లోకంలో సామాన్యుడికి చోటు లేదని కూడా అదే చెబుతుంది. జాన్ వేదనను నమ్మమనే చిత్రం, అతని చేతిలో చచ్చినవారి వేదన అడగవద్దంటుంది.

4. ముగింపు

చివర్లో హోటల్ యజమాని విన్‌స్టన్ జాన్‌కు పారిపోవడానికి ఒక గంట గడువు ఇస్తాడు. దానితో పాటు ఇంకో మార్కర్ చేతిలో పెడతాడు. ఒక రుణంతో మొదలైన కథ మరో రుణపత్రంతో ముగిసింది. జాన్ కుక్కను వెంటబెట్టుకుని పరుగెత్తుతాడు. సీక్వెల్ స్వభావం కూడా ఇదే. విశ్రాంతి కోరే నాయకుణ్ణి టికెట్ కొన్న మనమే వెనక్కి పిలుస్తాం. శాంటినోను నిందించే ముందు, మన చేతిలోనూ ఒక మార్కర్ ఉందని గుర్తించడం మంచి ప్రేక్షకుడి లక్షణం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జాన్ విరమణకు, మార్కర్‌కు ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. నియమానికి, న్యాయానికి గల తేడాను చిత్రం ఎలా చూపింది?
3. మీరు చూసిన ఒక తెలుగు యాక్షన్ చిత్రంలో పేరులేని పాత్రల మరణాలను ఎలా చిత్రించారో పరిశీలించి పది వాక్యాల్లో రాయండి.