చెరపబోతే టోపీ

రాత్రి పదకొండున్నరకు ఫోన్ మోగింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. "అన్నా, సర్వర్ ఏదో తేడాగా ఉంది. డేటాబేస్‌లోకి వెళ్లాక బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం పోవట్లేదు. టోపీ గుర్తూ, పక్కన హెచ్చూ పడుతున్నాయి."

"సర్వర్‌కేం కాలేదు తమ్ముడూ. ముందు ఆ డేటాబేస్‌లోంచి బయటికి రా."

ఈ టోపీ నాకూ పడింది, ఒకటికి పదిసార్లు. మీట ఒక్కటే గానీ అది పంపే అంకె అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్ని టెర్మినళ్లు 8 పంపుతాయి, కొన్ని 127. ఆస్కీలో 8 అంటే ఓ అడుగు వెనక్కి జరగడం, 127 అంటే చెరిపేయడం. కాగితపు టేపు మీద కన్నాలు పొడిచి అక్షరాలు రాసే రోజుల్లో, పడిన కన్నాన్ని పూడ్చలేరు కాబట్టి తప్పు అక్షరం మీద ఏడు కన్నాలూ పొడిచేసేవారు. చదివే యంత్రం దాన్ని దాటేసేది. ఏడు బిట్లూ ఒకట్లయితే 127. తప్పును దాచడానికి ఇంకాసిని కన్నాలు పెట్టడమన్నమాట. ఈ పద్ధతి ఆఫీసుల్లో ఇంకా ఉంది.

కుర్రాడి విండో 8 పంపుతోంది, అవతలి మెషీన్ 127 కోసం కాచుక్కూర్చుంది. అందుకే ఆ 8 కాస్తా టోపీ, హెచ్ అయి తెర మీద పడుతోంది. ఎస్‌టీటీవై ఇరేజ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, కంట్రోల్ వీ, ఆపైన బ్యాక్‌స్పేస్, ఎంటర్ కొట్టమన్నాను. పుట్టీ వాడేవాళ్లు కీబోర్డు సెట్టింగుల్లోనే 127 పెట్టి సేవ్ చేసుకుంటే రోజూ ఈ తంటా ఉండదు.

అసలు మన టెర్మినల్ విండో కట్టేది పగటివేషం. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ వీటీ100 అనే టెర్మినల్ పెట్టె తెచ్చింది. అడ్డంగా 80 అక్షరాలు, నిలువునా 24 వరసలు. ఇప్పటి విండోలు చాలావరకు దాని వేషమే కట్టి, తలా ఒక కొత్త నగ తగిలించుకుంటాయి. ప్రతి విండో తాను ఏ వేషంలో వచ్చిందో టెర్మ్ అనే వేరియబుల్‌లో చెప్పుకుంటుంది. సర్వర్ ఆ పేరు పట్టుకుని తన టెర్మ్‌ఇన్ఫో చిట్టాలో వెతుకుతుంది. కొత్త రకం టెర్మినల్‌తో పాత సర్వర్‌కి వెళ్తే ఆ పేరే దొరకదు. తెర తుడవమంటే, నువ్వెవరో తెలీదు పొమ్మంటుంది. అప్పటికి గట్టెక్కాలంటే ఎక్స్‌టర్మ్-256కలర్ అని పేరు మార్చుకోవచ్చు. నేను మాత్రం ఇన్ఫోకంప్‌తో ఇక్కడి వివరం తీసి అవతల టిక్‌తో ఎక్కించి వస్తాను. కొందరైతే సర్వర్‌లోని బాష్ ఆర్‌సీ ఫైల్లోనే ఒక పేరు శాశ్వతంగా రాసిపెడతారు. చూస్తే ఒళ్లు మండుతుంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా అర్జునుడనే పిలుస్తామంటే శకుని వేషగాడు ఏమైపోవాలి?

పావుగంటకు మళ్లీ ఫోన్.

"అన్నా, అది కుదిరింది. ఇక్కడ తెలుగులో పేరు పెట్టిన ఫైలొకటుంది, స్త్రీల జాబితా అని. టైప్ చేసి చెరుపుతుంటే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట."

గళ్లనుడికట్టులో స్త్రీ ఒక్క గడిలో ఇమిడిపోతుంది. యూనికోడ్‌లో ఆరు ముక్కలు. తెర మీద అది ఎన్ని గళ్లు తీసుకుంటుందన్న లెక్క షెల్‌ది ఒకటి, విండోది ఒకటి.

"కంట్రోల్ యూ కొట్టి లైనంతా తీసేయ్. మొదట్నుంచి టైప్ చెయ్యి."

"అంటే దీనికి మందు లేదా అన్నా?"

"నేనైతే నా ఫైళ్లకు ఇంగ్లీషు పేర్లే పెట్టుకుంటున్నాను," అన్నాను. తెలుగులో కాలమ్ రాసేవాణ్ని, కాస్త సిగ్గేసింది.