తొందరయే ఆలస్యము – కంప్యూటరు గుంపుపై ఒక విమర్శ

మంటలు చెలరేగిన భవనమునుండి జనము ఎంతసేపటికి బయటపడగలరు? మనుష్యులను నిజముగా అపాయములోనికి నెట్టి దీనిని పరీక్షించుటకు వీలులేదు. అందువలన శాస్త్రజ్ఞులు కంప్యూటరులో కల్పిత జనసమూహమును నడిపించి చూచుచున్నారు. ఇట్టి కృషిలో డిర్క్ హెల్బింగ్, ఇల్లేష్ ఫార్కాష్, తమాష్ విచెక్ అను మువ్వురు 2000 సంవత్సరములో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము మిక్కిలి ప్రసిద్ధమైనది.

ఈ నమూనాలో ప్రతి మనిషియు ఒక గుండ్రని బిళ్ల. దానిపై పనిచేయు బలములు మూడు విధములు: ద్వారమువైపు కోరిన వేగముతో పోవలెనను ప్రేరణ, ఇతరులకును గోడలకును ఎడముగా ఉండవలెనను వికర్షణ, శరీరములు తగిలినపుడు కలుగు ఒత్తిడియు, ఘర్షణయు. న్యూటను రెండవ సూత్రము నేర్చిన విద్యార్థి దీనిని సులభముగా గ్రహింపగలడు.

ఫలితము వింతయైనది. 200 మంది ఉన్న గదికి ఒక మీటరు వెడల్పుగల ద్వారము ఒక్కటే ఉన్నదనుకొందము. వారు కోరిన వేగము సెకనుకు సుమారు 1.5 మీటర్లు దాటినచో గది ఖాళీ అగుటకు పట్టు కాలము తగ్గుటకు మారుగా పెరుగును! ద్వారము కడ శరీరములు ఒరసికొని కమానువలె బిగిసికొనుటయే దీనికి కారణము. మనుష్యులతోను, గొఱ్ఱెలతోను, రేణువులతోను జరిపి 2015లో ప్రకటించిన ప్రయోగములు ఈ విషయమును బలపరచినవి. నిదానమే ప్రధానమను పెద్దల మాటకు గణితము తోడైనది.

అయినను నమూనాలో లోపములు లేకపోలేదు. ద్వారమునకు ముందు ఒక స్తంభమును నిలిపినచో రద్దీ సడలునని వ్యాసకర్తలు సూచించిరి. కాని మనుష్యులతో జరిపి 2018లో ప్రకటించిన ప్రయోగములలో ఆ అడ్డు వలన కాలము కలిసిరాలేదు.

రెండవ లోపము ఇంతకన్న పెద్దది. 1973 ఆగస్టు 2వ తేదీన ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమందలి సమ్మర్‌లాండ్ వినోదశాల తగులబడి 50 మంది మరణించిరి. జోనథన్ సైమ్ అను మనస్తత్వవేత్త ఆ ప్రమాదమును పరిశీలించి, జనము గ్రుడ్డిగా సమీపద్వారమునకు పరుగెత్తలేదనియు, తమవారివైపును, తమకు పరిచితమైన ద్వారమువైపును పోయిరనియు తెలిపెను. ఇతరులను అనుసరించు స్వభావమును నమూనాలో చేర్చినారు, నిజమే. కాని బిళ్లకు తల్లి లేదు, బిడ్డ లేదు. ‘ఇది నిజముగా ప్రమాదమేనా?’ అని అది ఒక క్షణమైనను సందేహింపదు.

కావున ఈ నమూనా ద్వారమును గూర్చి చక్కగా చెప్పును. మనిషిని గూర్చి కొంతయే చెప్పును. దీనిని మాత్రమే నమ్మి భవనమును నిర్మించుట తగదు. పాఠశాలలో అగ్నిప్రమాద అభ్యాసము జరుపునపుడు ఉపాధ్యాయులు రెండు కాలములను వేరువేరుగా గుర్తింపవలెను: గంట మ్రోగినది మొదలు పిల్లలు కదలువరకు ఒకటి, కదలినది మొదలు చివరివాడు బయటపడువరకు మరొకటి. ఈ నమూనా లెక్కించునది రెండవదానిని మాత్రమే.